పర్షియన్ పిల్లి గోక్కుంటోంది, మొహం నల్లబడుతోంది, జుట్టు ఊడుతోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో బూరె అనే క్రీమ్ రంగు పర్షియన్ ఉన్నాడు. వయసు ఏడేళ్లు, అందులో ఆరేళ్లు చర్మం గొడవే. ఒకప్పుడు నేను డాక్టర్లను అడిగిన ప్రశ్నలనే ఇప్పుడు తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఫోటో పెట్టి నన్ను అడుగుతున్నారు. ప్రతిసారీ అదే టైపు చేయలేక ఇలా ఒకచోట రాశాను. నేను డాక్టర్ని కాను, అందుకే మందుల మోతాదులు రాయలేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

మొదటి దశ: ఏదో తేడాగా ఉందే అనిపించినప్పుడు

కళ్ల కింద, ముక్కు పక్కన నల్లగా జిడ్డు పేరుకుంటోంది, తుడిచినా పోవడం లేదు. కన్నీటి మరకలేనా?

పంచ్ ఫేస్ పిల్లులకు ముక్కు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి కన్నీరు ముక్కులోకి దిగే దారి సరిగా ఉండదు, అది బయటికి కారుతూనే ఉంటుంది. దాంతో వచ్చే మరక ఎర్రమట్టి రంగులో ఉంటుంది, తడిగా ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. కింద చర్మం మామూలుగానే ఉంటుంది.

మీరు చెప్తున్నది నల్లగా, మైనంలా, వెంట్రుకల మొదళ్లకు అంటుకుపోయి, రెండు వైపులా ఒకేలా, కళ్ల చుట్టూ, మూతి చుట్టూ, గడ్డం కిందా ఉంటే అది వేరే జబ్బు అయి ఉండొచ్చు. పర్షియన్లలో, వాటి దగ్గర చుట్టాలైన హిమాలయన్లలో వచ్చే మొహం చర్మపు వాపు ఇది, పిల్లులు పెంచేవాళ్లు 'డర్టీ ఫేస్' అంటారు. బ్రిటన్ పశువైద్యులు 2000లో దీన్ని విడిగా వర్ణించారు. కారణం ఇప్పటికీ తేలలేదు. దాదాపు ఈ జాతికే పరిమితం కాబట్టి వంశపారంపర్యం అనే అనుమానం బలంగా ఉంది. మొదట్లో దురద ఉండదు, అందుకే మనం పట్టించుకోం. తర్వాత కింద చర్మం ఎర్రబడుతుంది, రసి కారుతుంది, దురద మొదలవుతుంది, చెవులు కూడా పాడవుతాయి.

బూరెకి పద్నాలుగో నెలలో మొదలైంది. మూకుడు అడుగున మాడి గట్టిపడిన నూనె జిడ్డు ఎలా ఉంటుందో అచ్చం అలా ఉండేది. నేను తెలివి తక్కువగా గోటితో లాగాను. దాంతోపాటు ఒక చిన్న కుచ్చు జుట్టు ఊడొచ్చింది, కింద పచ్చి చర్మం. వాడు వారం రోజులు నా చేతికి చిక్కలేదు. అంచేత లాగొద్దు, గీకొద్దు, నానబెట్టి మెత్తబడినంత మాత్రమే తుడవండి.

గుండ్రంగా జుట్టు ఊడిపోయింది. తామరా, అలర్జీనా?

ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు, చెప్పేవాళ్లను నమ్మకండి. తామర (మైక్రోస్పోరమ్ కేనిస్ అనే ఫంగస్) పుస్తకంలో బొమ్మలాగా గుండ్రంగానే రావాలని లేదు. ఒక్కోసారి చుండ్రులా, ఒక్కోసారి పక్కులుగా, ఒక్కోసారి కేవలం జుట్టు పలచబడటంగా కనిపిస్తుంది. పర్షియన్లకు ఇది మిగతా జాతుల కన్నా ఎక్కువ. పొడుగు జుట్టు వల్ల అవి తమను తాము సరిగా శుభ్రం చేసుకోలేవు, పైకి ఏమీ కనిపించకుండానే ఫంగస్‌ని మోస్తూ తిరిగేవి కూడా ఉంటాయి. కాబట్టి పర్షియన్‌కి చర్మం మీద ఏ మచ్చ వచ్చినా తామర కాదని తేలేదాకా తామరే అనుకుని జాగ్రత్తపడటం మంచిది.

గోక్కోవడం నేనెప్పుడూ చూడలేదు, కానీ పొట్ట కింద జుట్టు లేదు. తనంతట తనే ఊడుతుందా?

చాలా అరుదుగా. పిల్లులకు దురద వస్తే చాలాసార్లు కుక్కల్లా కూర్చుని టపటపా గోక్కోవు, మంచం కింద దూరి నాకుతూ కూర్చుంటాయి. నాలుక మీద ముళ్లు ఉంటాయి కాబట్టి జుట్టు మధ్యకి తెగిపోతుంది. బోడిగా ఉన్నచోట వేలితో ఎదురుగా రాయండి, రెండు రోజుల గడ్డంలా గరుగ్గా తగిలితే అది నాకి తెంపుకున్నదే. మలంలో, వాంతిలో జుట్టు ఎక్కువైతే ఇంకో సాక్ష్యం. 'టెన్షన్ వల్ల అలా చేస్తోంది' అని కొందరు అంటారు. అలాంటివి ఉన్నాయి గానీ దురద, నొప్పి రెండూ లేవని తేలాకే ఆ మాట అనాలి.

నిమురుతుంటే వీపు మీద ఇసుకరేణువుల్లా తగులుతున్నాయి. పేలా?

పేలు అయితే కళ్లకు కనిపిస్తాయి. ఇవి చిన్న చిన్న పక్కులు కట్టిన పొక్కులు. డాక్టర్లు దీన్ని మిలియరీ డెర్మటైటిస్ అంటారు, చిరుధాన్యపు గింజ అనే అర్థం వచ్చే మాట నుంచి వచ్చింది ఆ పేరు. కొర్రలు చేతికి ఎలా తగులుతాయో అలాగే ఉంటుంది, పేరు పెట్టినవాడెవరో గానీ సరిగ్గా పెట్టాడు. ఇది జబ్బు పేరు కాదు, చర్మం చూపించే ఒక తీరు మాత్రమే. ఫ్లీస్ (జంతువుల రక్తం పీల్చే చిన్న దూకుడు పురుగులు), తిండి, ఇంట్లో దుమ్ము, ఫంగస్, ఏదైనా దీని వెనక ఉండొచ్చు. తోక మొదట్లో, నడుం మీద ఎక్కువగా ఉంటే ముందు ఫ్లీస్‌నే అనుమానించండి.

పై పెదవి తిన్నట్టుగా పుండు పడింది, దానికి నొప్పే లేదు. ఎలుక కరిచిందా?

లేదు. విచిత్రం ఏంటంటే దీనికి పాత పేరే 'రోడెంట్ అల్సర్', అంటే ఎలుక జాతి పేరుతో పుండు, ఎలుకకీ దీనికీ సంబంధం లేదు. ఇయోసినోఫిల్ అనే తెల్లరక్త కణాలు అతిగా స్పందించి చర్మాన్ని పాడుచేసే జబ్బుల గుంపులో ఇదొకటి. పొట్ట మీద ఎర్రగా ఉబ్బి తడిగా ఉండే బిళ్లలు, వెనక తొడ మీద తాడులా పొడుగ్గా గట్టిపడే గీతలు కూడా ఇదే గుంపు. వెనక సాధారణంగా అలర్జీ ఉంటుంది. పుండు చాలాకాలంగా మానకపోతే క్యాన్సర్ కాదని తేల్చుకోవడానికి ముక్క తీసి పరీక్షకు పంపమంటారు, భయపడకుండా చేయించండి.

మాది అయిదో అంతస్తు, పిల్లి గుమ్మం దాటదు. ఫ్లీస్ ఎలా వస్తాయి?

మీ చెప్పులతో, పనిమనిషి సంచితో, పక్కింటి కుక్కతో, మెట్ల మీద పడుకునే వీధి పిల్లితో. పేను కన్నా కాస్త ముదురు గోధుమ రంగులో, పక్కలు అణిచేసినట్టు సన్నగా, పట్టుకోబోతే దూకేసే పురుగులివి. అలర్జీ ఉన్న పిల్లికి పదుల కొద్దీ అక్కర్లేదు, నాలుగు కాట్లు చాలు. పైగా అది నాకి నాకి మింగేస్తుంది కాబట్టి మీకు ఒక్కటి కూడా దొరకదు.

ఇలా చూడండి: తెల్ల టిష్యూ తడిపి నేల మీద పరిచి, పిల్లిని దాని మీద నిలబెట్టి సన్న దువ్వెనతో దువ్వండి. రాలిన నల్ల రవ్వలు తడిలో తుప్పు రంగులోకి కరిగితే అది మట్టి కాదు, ఫ్లీ మలం, అంటే జీర్ణమైన రక్తం. అప్పుడు ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ ఒకేసారి మందు వేయాలి, కనీసం మూడు నెలలు ఆపకుండా. ఎందుకంటే పిల్లి మీద తిరిగేవి కొన్నే, మిగతావన్నీ గుడ్లుగా, పురుగులుగా, గూళ్లుగా మీ సోఫా సందుల్లో ఉంటాయి.

ముక్కు దూలం మీద, చెవుల మీద మాత్రమే పుండ్లు. వానాకాలంలో ఎక్కువ, చలికాలంలో మాయం. ఏమిటిది?

దోమ కాటు అలర్జీ అయి ఉండొచ్చు. జుట్టు పలచగా ఉండే చోట్లే దోమకు అందుతాయి, అందుకే ముక్కు పైభాగం, చెవి బయటి వైపు, ఒక్కోసారి పాదాల అడుగు మెత్తలు. బాల్కనీలో సాయంత్రాలు గడిపే పిల్లులకు చూస్తుంటాం. కిటికీలకు, బాల్కనీ తలుపుకి మెష్ వేయించి వారం పది రోజులు లోపలే ఉంచితే తేడా కనిపిస్తుంది, అదే పరీక్ష, అదే సగం వైద్యం. మనుషులు రాసుకునే దోమల క్రీములు పిల్లికి రాయకండి, నాకేస్తుంది.

ఎప్పుడు రేపటిదాకా ఆగకూడదు?

తిండి మానేస్తే, జ్వరం ఉంటే, చర్మం చిరిగినట్టు ఊడొస్తుంటే, కన్ను మూసుకుపోయి చీము కారుతుంటే, ఏదైనా మందు వేశాక వణుకు మొదలైతే. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుంది, లావుగా ఉన్నవాటికి మరీ. చర్మం సంగతి తర్వాత, ముందు అది.

రెండో దశ: డాక్టర్ దగ్గర

ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గిపోయింది, నెల తిరగ్గానే మళ్లీ మొదలైంది. ఇంకోటి చేయించమంటారా?

వద్దు, ముందు అది ఏ ఇంజెక్షనో అడగండి. ఎక్కువగా అది నెమ్మదిగా ఒంట్లోకి దిగే స్టెరాయిడ్, పనిచేయడం వారాల తరబడి ఉంటుంది. దురద ఏ కారణంతో వచ్చినా అణిగిపోతుంది, అందుకే అద్భుతంలా అనిపిస్తుంది. కారణం మాత్రం అక్కడే ఉంటుంది. ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి తీయలేం, మాత్ర అయితే తగ్గించుకుంటూ రావచ్చు. పదే పదే చేయిస్తే షుగర్ రావచ్చు, లోపల గుండె బలహీనత ఉంటే అది బయటపడొచ్చు.

మా అనుభవం చెప్తాను. బూరె మెడ మీద మొదటి మచ్చ వచ్చినప్పుడు ఒక క్లినిక్‌లో జుట్టు పరీక్ష లేకుండా, ఫంగస్‌ని చూపించే నీలి దీపం పెట్టి చూడకుండా 'అలర్జీ' అని ఇదే ఇంజెక్షన్ ఇచ్చారు. అయిదు నిమిషాల్లో బయటికి వచ్చేశాం, నేను సంబరపడ్డాను కూడా. అది తామర. స్టెరాయిడ్ ఒంటి రక్షణను అణిచేసింది, మూడు వారాల్లో మెడ నుంచి భుజాల దాకా పాకింది, వాణ్ణి ఒళ్లో పెట్టుకుని సీరియల్ చూసే మా అమ్మ ముంజేతి మీద రెండు ఎర్రటి చక్రాలు వచ్చాయి. ఇప్పటికీ అమ్మ ఆ చెయ్యి చూపించి 'నీ బూరె పెట్టిన వాతలు' అంటుంది.

అసలు ఏ పరీక్షలు అడగాలి? అడిగితే డాక్టరు గారు ఏమైనా అనుకుంటారా?

మంచి డాక్టర్ ఏమీ అనుకోరు, ఎక్కువసార్లు వాళ్లే చెప్తారు. మొదటి రోజే అయిపోయేవి కొన్ని: దువ్వెనతో ఫ్లీస్ వెతకడం, చర్మం పైపైన గీకి గజ్జి పురుగుల కోసం మైక్రోస్కోప్‌లో చూడటం, మచ్చ మీద సెల్లో టేపు అంటించి రంగు వేసి బ్యాక్టీరియా, మలసీజియా అనే ఈస్ట్ ఉన్నాయేమో చూడటం, వుడ్స్ ల్యాంప్ అనే నీలి దీపం కింద చూడటం. తామర ఉన్న వెంట్రుకలు ఆ దీపం కింద యాపిల్ పచ్చ రంగులో మెరుస్తాయి. మెరవలేదని తామర లేదని అర్థం కాదు, అందుకే వెంట్రుకలు తీసి కల్చర్‌కి (ల్యాబ్‌లో ఫంగస్ మొలుస్తుందేమో చూసే పరీక్షకి) పెడతారు, దానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఓపిక పట్టాలి.

చెవిలో కాఫీ పొడిలాంటి గులిమి ఉంటే చెవి పురుగులు. చెవి అంచుల నుంచి మొదలై తలంతా మందంగా పక్కు కట్టి, పిల్లి పిచ్చెక్కినట్టు గోక్కుంటుంటే పిల్లుల గజ్జి, మన దగ్గర వీధి పిల్లుల్లో ఇది మామూలే. ముక్కు, చెవులు, గోళ్ల మొదళ్ల దగ్గర పసుపు పచ్చని పక్కులు కట్టి ఏ మందుకీ లొంగకపోతే పెంఫిగస్ అనే ఒంటికి ఒళ్లే శత్రువయ్యే జబ్బు కోసం బయాప్సీ (చర్మం ముక్క తీసి పరీక్ష) చేస్తారు. మీ ఊళ్లో ఇవి కుదరకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి చోట్ల వెటర్నరీ కాలేజీలకు అనుబంధంగా ఆసుపత్రులున్నాయి, అక్కడ కనుక్కోండి.

రక్తపరీక్షతో దేనికి అలర్జీయో తేలిపోతుందట కదా, ఇంత తిప్పలెందుకు?

తేలదు. దుమ్ము పురుగులు, పుప్పొడి వంటివాటికి చేసే రక్తపరీక్ష, పిల్లికి అలర్జీ ఉందని వేరే దారుల్లో తేలాక ఏ మందు ఇంజెక్షన్లు తయారు చేయించాలో ఎంచుకోవడానికి పనికొస్తుంది, జబ్బును నిర్ధారించడానికి కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లులకూ పాజిటివ్ వస్తుంది. తిండి అలర్జీకి చేసే రక్త, లాలాజల పరీక్షలైతే డబ్బు దండగ. పిల్లుల అలర్జీ అనేది ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వెళ్తే చివర్లో మిగిలే పేరు. ముందు పురుగులు, తర్వాత ఫంగస్, బ్యాక్టీరియా, ఆ తర్వాత తిండి, ఇవేవీ కాకపోతే అప్పుడు దుమ్ము, పుప్పొడి లాంటి వాతావరణపు అలర్జీ. 2021లో పశుచర్మ నిపుణులు దానికి 'ఫెలైన్ ఎటోపిక్ స్కిన్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఈ వరస తప్పిన ప్రతిసారీ డబ్బు, నెలలు రెండూ పోతాయి.

తిండి మార్చి చూడమన్నారు. రాయల్ కెనిన్ నుంచి విస్కాస్‌కి మార్చాను, తగ్గలేదు. అంటే తిండి కాదన్నట్టేనా?

కాదు. బ్రాండ్ మారింది, లోపలి మాంసం మారలేదు. పిల్లులకు తిండి అలర్జీ ఎక్కువగా బీఫ్, చేప, చికెన్ వల్ల వస్తుంది, ప్యాకెట్ మీద 'ట్యూనా' అని రాసి ఉన్నవాటిలోనూ చికెన్ ఉంటుంది, వెనక చిన్న అక్షరాలు చదవండి. సరైన పరీక్ష అంటే ఎనిమిది వారాలు ఒకే తిండి: ప్రోటీన్‌ని ముక్కలు ముక్కలు చేసి తయారుచేసే హైడ్రోలైజ్డ్ డైట్, లేదా పిల్లి జన్మలో తినని మాంసం. కుందేలు మాంసం దొరికేచోట అది వాడొచ్చు. చికెన్ తిన్న పిల్లికి కంజు పిట్ట పెడితే లాభం ఉండకపోవచ్చు, పక్షి పక్షే. ఎనిమిది వారాలే ఎందుకంటే, తిండి అలర్జీ ఉన్న పిల్లుల్లో పదింట తొమ్మిదింటికి ఆ లోపు తేడా కనిపిస్తుంది.

అసలు కష్టం పిల్లితో కాదు, ఇంట్లోవాళ్లతో. ఆరో వారంలో మా నాన్న 'పాపం మొహం వాచిపోయింది' అని చేప ముక్క పెట్టారు, ఒక్క ముక్కే. మళ్లీ మొదటి నుంచి. ఈ ఎనిమిది వారాలు ట్రీట్లు, రుచి కలిపిన మాత్రలు, పాలు, పక్కింటి గిన్నె అన్నీ బంద్. తగ్గాక కూడా పని అయిపోలేదు, పాత తిండి మళ్లీ పెట్టి రెండు వారాలు చూడాలి. దురద తిరిగొస్తేనే తిండి దోషమని రుజువు. మరో సంగతి, పిల్లి కొత్త తిండి ముట్టకపోతే ఆకలితో మాడ్చి దారికి తేవాలని చూడొద్దు, పాతదానిలో కొద్దికొద్దిగా కలిపి వారం పదిరోజుల్లో మార్చండి, మారిన రోజు నుంచే లెక్క మొదలు.

మా పిల్లి పెరుగన్నమే తింటుంది, అందులో అలర్జీ ఏముంటుంది?

పాల ప్రోటీన్‌కి అలర్జీ ఉండే పిల్లులున్నాయి. దానికన్నా పెద్ద సమస్య, పెరుగన్నం పిల్లి తిండి కాదు. టారిన్ అనే పోషకం పిల్లి తన ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి, లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. అరకొర తిండితో చర్మం కూడా పొడిబారి చుండ్రు రాలుతుంది.

మూడో దశ: మందులు

స్టెరాయిడ్ మాత్ర రాశారు. నెట్‌లో చదివి భయమేసింది, ఆపేయనా?

ఒక్కసారిగా ఆపొద్దు. అలర్జీ అని తేలాక సరైన మోతాదులో మొదలుపెట్టి, దురద అదుపులోకి రాగానే రోజు విడిచి రోజుకి తగ్గించుకుంటూ వస్తే పిల్లులు దీన్ని బాగానే తట్టుకుంటాయి. చీటీలో ప్రెడ్నిసోలోన్ అని ఉండాలి, ప్రెడ్నిసోన్ కాదు, రెండోదాన్ని పిల్లి ఒళ్లు సరిగా వాడుకోలేదు. నీళ్లు ఎక్కువ తాగడం, లిట్టర్‌లో (పిల్లి మూత్రం పోసే ఇసుకలో) గడ్డలు పెద్దవవడం గమనిస్తే డాక్టర్‌కి చెప్పండి. పర్షియన్లలో కిడ్నీలో నీటి బుడగలు వచ్చే పీకేడీ జబ్బు కూడా వంశంలో ఉంటుంది కాబట్టి దీర్ఘకాలం ఏ మందైనా వాడేముందు కిడ్నీ, షుగర్ పరీక్షలు చేయించడం మంచిది.

సైక్లోస్పోరిన్ మొదలుపెట్టి పదిహేను రోజులైంది, ఏ తేడా లేదు. పనిచేయనట్టేనా?

తొందరపడకండి, ఇది ఒంటి రక్షణ అతిగా స్పందించకుండా అణిచే మందు, దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మొదట్లో వాంతులు, విరేచనాలు కొన్నిటికి వస్తాయి, చాలావరకు సర్దుకుంటాయి. తగ్గాక రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు సరిపోయే పిల్లులూ ఉన్నాయి. మొదలుపెట్టేముందు ఎఫ్ఐవీ, ఎఫ్ఈఎల్వీ అనే, పిల్లి ఒంటి రక్షణను దెబ్బతీసే వైరస్‌ల పరీక్షలు చేయించాలి. వాడుతున్నన్నాళ్లు పచ్చి మాంసం పెట్టకూడదు, వేటాడనివ్వకూడదు, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకితే ప్రాణం మీదికి వస్తుంది.

డర్టీ ఫేస్‌కి అసలు మందు ఉందా లేదా?

పూర్తిగా పోగొట్టే మందు లేదు. ఆ మైనం కింద ఈస్ట్, బ్యాక్టీరియా చేరి దురద పెంచుతాయి, వాటికి విడిగా మందు వాడితేనే సగం ఉపశమనం. ఆ తర్వాత సైక్లోస్పోరిన్, స్టెరాయిడ్లు కొన్నిటికి కొంతవరకు పనిచేస్తాయి, టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్‌తో బాగుపడ్డవీ ఉన్నాయి. బూరెకి సైక్లోస్పోరిన్, రోజూ మొహం తుడవడం కలిపి పరవాలేదనిపించే స్థితిలో ఉంది. అద్దంలా శుభ్రమైన మొహం కావాలని నేను ఆశించడం మానేశాను, వాడు గోక్కోకుండా నిద్రపోతే చాలు. క్లోర్‌హెక్సిడిన్ వైప్స్ కంటికి తగలనివ్వకండి, నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది.

తామర అని తేలింది. పైపూత చాలా, మాత్రలు కావాలా?

పొడుగు జుట్టు పిల్లికి పైపూత ఒక్కటే సాధారణంగా చాలదు. ఇట్రాకోనజోల్ లాంటి మందు నోటి ద్వారా, దాంతోపాటు మైకోనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ స్నానం వారానికి రెండుసార్లు. జుట్టు మొలిచింది కదా అని ఆపకండి, కల్చర్ నెగటివ్ వచ్చేదాకా కొనసాగించాలి. ఇంట్లో రాలిన జుట్టులో ఆ ఫంగస్ నెలల తరబడి బతుకుతుంది, కాబట్టి దుప్పట్లు ఉతకడం, వాక్యూమ్ చేయడం, పలచని బ్లీచ్‌తో నేల తుడవడం (పిల్లిని వేరే గదిలో పెట్టి) మందులో భాగమే. ఒక్క విషయం, మెడికల్ షాపులో 'తామర క్రీమ్' అంటే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబ్ చేతిలో పెడతారు. అది మీకూ వద్దు, పిల్లికి అసలే వద్దు.

కుక్కకి తెచ్చిన పిడుదుల మందు ఉంది, కొంచెం వేయొచ్చా?

వద్దు, ఒక్క చుక్క కూడా. కుక్కల స్పాట్-ఆన్ (చర్మం మీద చుక్కలుగా వేసే) మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, వణుకు, ఫిట్స్, చావు. అమిట్రాజ్ ద్రావణం కూడా పిల్లికి పనికిరాదు. కుక్కకి వేసినా ఆరేదాకా పిల్లిని దూరంగా ఉంచండి. కుక్కల దురదకి ఇచ్చే లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ కుక్కల కోసమే తయారైనది, పిల్లికి ఇవ్వకూడదు.

మన సిట్రిజిన్ ఇవ్వొచ్చా?

డాక్టర్ మోతాదు చెప్తే ఇవ్వొచ్చు, లాభం మాత్రం అంతంతే. ప్రమాదం ఎక్కడంటే, ఇంట్లో ఉండే జలుబు మాత్రల్లో అలర్జీ మందుతో పాటు పారాసెటమాల్ కలిపి ఉంటుంది. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. స్ట్రిప్ వెనక చదవకుండా ఏదీ వేయకండి.

నాలుగో దశ: ఇంట్లో

వేపనూనె, పసుపు, కొబ్బరినూనె రాస్తే తగ్గుతుందని అత్తయ్య అంటున్నారు

అత్తయ్య గారి మీద గౌరవంతోనే చెప్తున్నా, రాసినదంతా పిల్లి అరగంటలో నాకేస్తుంది, మన చర్మానికీ దానికీ తేడా అక్కడే. వేపనూనె మింగితే చొంగ కార్చడం, వాంతులు, వణుకు రావచ్చు. టీ ట్రీ ఆయిల్ ఇంకా ప్రమాదం. కొబ్బరినూనె విషం కాదు గానీ పొడుగు జుట్టులో జిడ్డుపట్టి ఉండలు కడుతుంది. పసుపు రాస్తే తామర పోదు, క్రీమ్ రంగు పిల్లి మాత్రం పెళ్లికొడుకులా తయారవుతుంది, చేసి చూశాను.

స్నానం ఎన్నిసార్లు? ఎండాకాలం గుండు కొట్టించమంటారా?

జబ్బు లేనప్పుడు నెలకొకటి చాలు. స్నానం కన్నా ఆరబెట్టడం ముఖ్యం, లోపలి జుట్టు తడిగా ఉండిపోతే విజయవాడ, విశాఖ ఉక్కపోతలో ఈస్ట్‌కి పండగే. ఉండలు కట్టిన జుట్టు కింద గాలి ఆడక చర్మం పాచిపోతుంది, కత్తెరతో కోయబోయి చర్మం కోసినవాళ్లు చాలామంది, గ్రూమర్ దగ్గర మెషిన్‌తో తీయించండి. తామరకో ఉండలకో పొట్టిగా కత్తిరించడం మంచిదే. మొత్తం నున్నగా గీయించొద్దు, బ్లేడు గాట్లలోంచి తామర ఇంకా పాకుతుంది. తామర ఉన్న పిల్లిని గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్లేముందు చెప్పండి, దాచిపెడితే ఆ మెషిన్ ఎక్కిన ప్రతి పిల్లికీ అంటుకుంటుంది.

ఇంట్లో చంటిపిల్లలున్నారు, అంటుకుంటుందా?

అలర్జీ, డర్టీ ఫేస్, పెదవి పుండు అంటుకోవు. తామర అంటుకుంటుంది, పిల్లలకు, పెద్దవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు తొందరగా. పిల్లుల గజ్జి పురుగు మనిషి మీద కొద్దిరోజులు దురద పెట్టి పోతుంది. జబ్బేమిటో తేలేదాకా ఒక గదిలో ఉంచి, ముట్టుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు, రోడ్డు మీద వదిలేయక్కర్లేదు. తామర పేరుతో వదిలేసిన పర్షియన్లను ఎన్ని చూశానో, ఆ జుట్టుతో అవి వీధిలో నెల కూడా బతకవు.

నాకకుండా మెడ చుట్టూ తొడిగే కోన్ వేస్తే తినడం మానేసింది

మొహం బల్లపరుపుగా ఉన్న పిల్లికి కోన్‌లోంచి గిన్నె అందదు. తినేటప్పుడు మీరు పక్కన కూర్చుని తీసేయండి, లేదా వెడల్పాటి పళ్లెం వాడండి. పొట్ట నాకకుండా ఉండటానికి పసిపిల్లల బనీను తొడిగినా పనవుతుంది.

అయిదో దశ: ముందుకి

ఎప్పటికైనా పూర్తిగా తగ్గుతుందా?

తామర, గజ్జి, ఫ్లీస్ అయితే తగ్గుతాయి. తిండి అలర్జీ అయితే ఆ తిండి పెట్టనన్నాళ్లు తగ్గినట్టే. దుమ్ము, పుప్పొడి అలర్జీ, డర్టీ ఫేస్ జీవితాంతం ఉంటాయి, అదుపులో పెట్టుకోవడమే. బూరెకి నేను ఒక పుస్తకం పెట్టాను, రోజూ దురదకి పదికి ఇన్ని అని మార్కు, ఏం తిన్నాడు, ఏ మందు. డాక్టర్ దగ్గర 'ఈమధ్య కాస్త ఎక్కువైనట్టుంది' అనేదానికన్నా ఆ పుస్తకం చూపిస్తే పదినిమిషాలు మిగులుతాయి.

మాది పర్షియన్ కాదు, బెంగాల్. ఇవే వర్తిస్తాయా?

అలర్జీలు, ఫ్లీస్, తామర అన్నిటికీ ఒకటే. జాతిని బట్టి కొన్ని ప్రత్యేకం: బెంగాల్ పిల్లల్లో ఏడాది లోపే ముక్కు కొన మీద పొలుసులు, పగుళ్లు, పుండు రావచ్చు, 2004లో స్వీడన్ నుంచి దీన్ని మొదట వర్ణించారు. డెవాన్ రెక్స్‌కి, జుట్టులేని స్ఫింక్స్‌కి చర్మం జిడ్డెక్కి ఈస్ట్ చేరుతుంది, ఎర్రటి దురద మచ్చలు వచ్చే మరో జబ్బు కూడా ఉంది. అబిసీనియన్లలో అలర్జీ ఎక్కువ.

పిల్లని కొనబోతున్నాం, ఏం చూడాలి?

తల్లి మొహం చూడండి, తండ్రిది దొరికితే అదీ. 'తల్లి ఊళ్లో లేదు' అంటే ఇంటికి వచ్చేయండి. చెవి వెనక, గడ్డం కింద, గోళ్ల దగ్గర జుట్టు విడదీసి చూడండి. ముక్కు కళ్ల మధ్యకి ఎక్కిపోయిన పంచ్ ఫేస్‌కే ధర ఎక్కువ చెప్తారు, మడతల్లో తడి, కన్నీటి కాల్వ తిప్పలు కూడా దానికే ఎక్కువ. డాల్ ఫేస్ (ముక్కు మామూలుగా బయటికి ఉండే రకం) తీసుకోమనే నా సలహా. ఇంటికి తెచ్చాక రెండు మూడు వారాలు విడి గదిలో ఉంచి, తామర కల్చర్ చేయించి, ఆ తర్వాతే పాత పిల్లితో కలపండి.

మా పిల్లికి డర్టీ ఫేస్ ఉంది, అయినా జత కోసం అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయండి. బూరె కోసం ఇద్దరు అడిగారు, ఒకాయన డబ్బు కూడా ఇస్తానన్నాడు, దూదితో మొహం తుడుస్తున్న వీడియో పంపాను, మళ్లీ ఫోన్ చేయలేదు.